డిటర్జెంట్ మురికిని ఎలా వదిలిస్తుంది: నీటి బిగువు నుంచి చివరి జాడింపు వరకు సమగ్ర మార్గదర్శి

బకెట్‌లో నురుగు ఎంత పొంగితే బట్ట అంత శుభ్రపడుతుందన్న నమ్మకం చాలా బలమైనది. కాని నురుగుకూ మురికి వదలడానికీ నేరుగా సంబంధం లేదు. నురుగు అంటే డిటర్జెంట్ కలిసిన నీటి పలుచని పొరల మధ్య చిక్కుకున్న గాలి మాత్రమే. అసలు పని నీటి లోపల, నూలుపోగు ఉపరితలం మీద, కంటికి కనిపించకుండా జరుగుతుంది. నీరు ముందు బట్టను పూర్తిగా తడపాలి. ఆ తరువాత మురికి పోగు నుంచి ఊడి రావాలి. ఊడిన మురికి తిరిగి బట్ట మీదకు చేరకుండా నీటిలోనే నిలిచి, ఆ నీటితోపాటు బయటకు పోవాలి. మొదటి రెండింటి గురించి అందరూ ఆలోచిస్తారు. మూడోదాన్ని పట్టించుకునేవారు తక్కువ. తెల్లబట్టలు క్రమంగా మాసిన రంగుకు తిరగడం, తువాళ్లు గరుకుబారడం, ఉతికిన బట్టకు వాసన మిగలడం వంటి చిక్కుల్లో చాలా భాగం ఈ మూడో దశలోనే పుడతాయి. అందుకే ఈ మార్గదర్శిలో ఊడిన మురికి ఎక్కడికి పోతుందన్న ప్రశ్నను ప్రతి మెట్టులోనూ వెంట ఉంచుకుందాం.

మొదటి మెట్టు: నీటి బిగువును కళ్లారా చూడండి

గాజు గ్లాసులో శుభ్రమైన నీరు పోయండి. పొడిగా ఉన్న సన్నని కుట్టుసూదిని చిన్న టిష్యూ కాగితం ముక్క మీద ఉంచి, ఆ కాగితాన్ని మెల్లగా నీటిపై వదలండి. కాగితం తడిసి మునిగాక సూది మాత్రం నీటిపై తేలుతూ మిగులుతుంది. ఉక్కు సాంద్రత నీటి సాంద్రతకు దాదాపు ఎనిమిది రెట్లు అయినప్పటికీ సూది మునగకపోవడానికి కారణం తలతన్యత, అంటే నీటి ఉపరితలపు బిగువు. నీటి అణువులు ఒకదానినొకటి గట్టిగా ఆకర్షించుకుంటాయి. లోపలి అణువును అన్ని వైపుల నుంచీ పొరుగు అణువులు లాగుతుంటాయి గాని, పైపొరలోని అణువును పైనుంచి లాగే నీరు లేదు. అందువల్ల ఉపరితలం వీలైనంత కుంచించుకుపోవడానికే ప్రయత్నిస్తుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద స్వచ్ఛమైన నీటి తలతన్యత మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. ఇప్పుడు గ్లాసు అంచున ఒక చుక్క డిటర్జెంట్ ద్రావణం వేయండి. ఆ విలువ 30కి దగ్గరగా పడిపోతుంది, సూది వెంటనే మునిగిపోతుంది.

బట్ట విషయంలో దీని అర్థమేమిటో చూడాలంటే, శుద్ధి చేయని నూలు దారాన్ని చిన్న చిలపగా (దారపు చుట్టగా) చుట్టి మామూలు నీటిలో ఒకటి, డిటర్జెంట్ నీటిలో ఒకటి వేయండి. ముడి పత్తి పోగుపై సహజంగా ఉండే మైనం నీటిని దగ్గరకు రానివ్వదు కనుక మొదటి చిలప చాలాసేపు తేలుతుంది. రెండోది త్వరగా తడిసి మునుగుతుంది. వస్త్ర పరిశ్రమ ప్రయోగశాలల్లో తడిపే శక్తిని కొలవడానికి చిలప మునగడానికి పట్టే కాలాన్నే ప్రమాణంగా తీసుకునే పరీక్ష ఒకటి నేటికీ ఉంది.

నీటి ఉపరితలంపై ఏర్పడే పొరల అధ్యయనానికి పునాది వేసినవారిలో ఒకరు ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవలేదన్న సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌కు చెందిన ఆగ్నెస్ పోకెల్స్ ఇంటిపని చూసుకుంటూనే, ఇంట్లో ఉన్న వస్తువులతో తొట్టి ఒకటి తయారుచేసి, జిడ్డు చేరిన నీటి తలతన్యత ఎలా మారుతుందో కొలిచారు. ఆమె ఆ వివరాలను బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీకి లేఖగా రాయగా, ఆయన చొరవతో 1891లో అది నేచర్ అనే విజ్ఞానశాస్త్ర పత్రికలో అచ్చయింది. తరువాత అమెరికన్ శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ ఇదే తరహా తొట్టితో పని కొనసాగించి, ఉపరితల రసాయనశాస్త్రంలో చేసిన కృషికి 1932లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఇంట్లో సూదితో చేసే ఈ చిన్న ప్రయోగం ఆ పరంపరలోనిదే, కాబట్టి దీన్ని పిల్లల ఆటగా తీసిపారేయవద్దు.

రెండో మెట్టు: అణువు నడవడికను అర్థం చేసుకోండి

తడపడం ఒక్కటే అయితే పని సులభం. జిడ్డును నీటిలో నిలపడం అసలైన కష్టం. ఒక సీసాలో సగం నీరు, రెండు చెంచాల వంటనూనె పోసి బాగా కుదపండి. కాసేపు కలిసినట్టు కనిపించినా, కొద్ది నిమిషాల్లోనే నూనె పైకి చేరి విడిపోతుంది. అందులో అర చెంచా పాత్రలు తోమే ద్రవాన్ని వేసి మళ్లీ కుదిపితే, పాలవంటి తెల్లని ద్రవం ఏర్పడి చాలాసేపు విడిపోకుండా ఉంటుంది. దీన్నే ఎమల్షన్ అంటారు.

డిటర్జెంట్‌లోని ముఖ్య పదార్థాన్ని సర్ఫాక్టెంట్ అంటారు. దాని అణువులో రెండు విరుద్ధ స్వభావాలు ఒకే చోట ఉంటాయి. ఒక కొసన నీటిని ఇష్టపడే తల, రెండో కొసన సాధారణంగా 12 నుంచి 18 కార్బన్ పరమాణువుల పొడవున్న, నీటికి దూరంగా ఉండి నూనెలో కలవగోరే తోక. నీటిలో పడిన ఈ అణువులు ముందుగా ఉపరితలాలకు పరుగెత్తి, తోకలను గాలిలోకో నూనెలోకో చాచి నిలబడతాయి. ఉపరితలాలు నిండిపోయాక, మిగిలినవి నీటి లోపలే గుంపులు కట్టి, తోకలన్నీ లోపలికి, తలలన్నీ బయటికి ఉండేలా అమరుతాయి. ఈ గుంపులే మిసెల్‌లు. సబ్బు ద్రావణాల్లో ఇటువంటి గుంపులు ఉంటాయని 1913లో రసాయనవేత్త జేమ్స్ విలియం మెక్‌బెయిన్ ప్రతిపాదించారు. సోడియం డోడెసిల్ సల్ఫేట్ అనే సర్ఫాక్టెంట్ స్వచ్ఛమైన నీటిలో, గది ఉష్ణోగ్రత వద్ద, లీటరుకు సుమారు 2.3 గ్రాముల గాఢత దాటాక మిసెల్‌లు కడుతుంది. ఒక్కో మిసెల్‌లో దాదాపు 60 అణువులు ఉంటాయి. ఉతికే నీటిలో లవణాలు కలిసి ఉంటాయి కనుక, అక్కడ ఇంతకన్నా తక్కువ గాఢతలోనే మిసెల్‌లు ఏర్పడతాయి. ఈ హద్దు దాటాక ఇంకా పొడి వేసినా తలతన్యత పెద్దగా తగ్గదు; అదనంగా వేసింది మిసెల్‌ల సంఖ్యను మాత్రమే పెంచుతుంది.

పోగు మీద జరిగేది ఇలా ఉంటుంది. నూనె మరక పోగును పలుచగా అంటుకుని ఉంటుంది. సర్ఫాక్టెంట్ అణువులు నూనెకూ పోగుకూ మధ్య అంచుల నుంచి చొరబడతాయి. నీరు పోగును తడపడం మొదలుపెట్టేసరికి నూనె పొర అంచులు లోపలికి ముడుచుకుంటూ వచ్చి, చివరకు గుండ్రని బొట్టుగా తయారవుతుంది. ఆ స్థితిలో కొద్దిపాటి కదలిక చాలు, బొట్టు తెగి నీటిలోకి వస్తుంది. నీటిలోకి వచ్చిన బొట్టు చుట్టూ ఋణావేశం గల తలలు వరుస తీరుతాయి. నీటిలో నూలుపోగు ఉపరితలానికి కూడా ఋణావేశమే ఉంటుంది కనుక రెండూ ఒకదానినొకటి వికర్షించుకుంటాయి. మట్టి, మసి వంటి గట్టి కణాలు కూడా ప్రధానంగా ఈ వికర్షణ వల్లనే బట్టకు దూరంగా ఉంటాయి. ఊడిన మురికి తిరిగి రాకుండా ఆపే మొదటి కాపలా ఇదే.

మూడో మెట్టు: మీ నీటిని పరీక్షించండి

ఆ కాపలాను బలహీనపరిచేది నీటిలోని కాల్షియం, మెగ్నీషియం. డిటర్జెంట్ ఎంపికకు ముందు నీటి పరీక్ష తప్పనిసరి అని నేను నొక్కి చెబుతాను, ఎందుకంటే మిగతా నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడతాయి.

రెండు మూతల సీసాలు తీసుకుని, ఒకదానిలో మీ కుళాయి నీరు, రెండోదానిలో స్వేదనజలం సమానంగా పోయండి. రెండింటిలోనూ ఒకే పరిమాణంలో అసలైన సబ్బు తురుము వేసి గట్టిగా కుదపండి. ఇందుకు వాడేది కొవ్వు ఆమ్లాల సోడియం లవణంతో చేసిన నిజమైన సబ్బే కావాలి, డిటర్జెంట్ బిళ్ల పనికిరాదు. స్వేదనజలంలో నురుగు నిలుస్తుంది. కుళాయి నీటిలో నురుగు త్వరగా చచ్చి, నీరు తెల్లగా మసకబారి, పైన జిగురు తెట్టు కడితే ఆ నీరు కఠిన జలం. ప్రయోగశాల నివేదిక దొరికితే ఇంకా మంచిది. కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు 60 మిల్లీగ్రాముల లోపు ఉంటే మృదువైన నీరు, 120 దాటితే కఠినం, 180 దాటితే అతికఠినం అన్న వర్గీకరణ వాడుకలో ఉంది.

ఈ అంకెలకు అర్థం తెలియాలంటే ఒక చిన్న లెక్క వేయాలి. లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీటిలో ప్రతి కాల్షియం అయానూ రెండు సబ్బు అణువులను పట్టుకుని, నీటిలో కరగని తెట్టుగా మారుస్తుంది. ఆ లెక్కన లీటరు నీరు సుమారు 1.2 గ్రాముల సబ్బును, 10 లీటర్ల బకెట్ నీరు సుమారు 12 గ్రాముల సబ్బును, ఒక్క మరకనైనా తాకకముందే మింగేస్తుంది. నష్టం అక్కడితో ఆగదు. ఆ తెట్టు బట్టల మడతల్లో చేరి, తనతోపాటు మురికిని కూడా అక్కడే అతికిస్తుంది.

ఈ బలహీనతే కృత్రిమ డిటర్జెంట్లకు దారితీసిన కారణాల్లో ఒకటి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సబ్బుకు కావలసిన కొవ్వులు కరువైనప్పుడు, 1916 ప్రాంతంలో జర్మన్ రసాయనవేత్తలు తొలి కృత్రిమ సర్ఫాక్టెంట్లను తయారుచేశారు. నేడు విస్తారంగా వాడే ఆల్కైల్ బెంజీన్ సల్ఫోనేట్లు కాల్షియంతో సబ్బంత సులభంగా తెట్టు కట్టవు. అంతమాత్రాన వాటిపై కాఠిన్యం ప్రభావం లేదనుకోవద్దు; అతికఠిన జలంలో వాటి శక్తి కూడా తగ్గుతుంది. అందుకే డిటర్జెంట్ పొడిలో కాల్షియాన్ని పక్కకు తప్పించే బిల్డర్లను కలుపుతారు. సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ ఈ పనిని అద్భుతంగా చేస్తుంది గాని, నదులకూ చెరువులకూ చేరిన ఫాస్ఫేట్ నాచును విపరీతంగా పెంచి నీటిలోని ప్రాణవాయువును హరించడానికి కారణమవుతుంది కనుక అనేక దేశాలు దాన్ని పరిమితం చేశాయి. ఐరోపా సమాఖ్య ఇళ్లలో బట్టలుతికే డిటర్జెంట్లకు 2013 నుంచి కఠిన పరిమితి విధించింది. దాని స్థానంలో తన సోడియాన్ని ఇచ్చి కాల్షియాన్ని పట్టుకునే జియోలైట్ అనే నీటిలో కరగని ఖనిజం, సిట్రేట్, వాషింగ్ సోడా వచ్చాయి. వీటిలో వాషింగ్ సోడా చవకైనదే గాని, కాల్షియాన్ని కార్బొనేట్‌గా అవక్షేపం చేస్తుంది కనుక కఠిన జలంలో దాన్ని మాత్రమే నమ్ముకుంటే బట్ట గరుకుబారుతుంది.

నాలుగో మెట్టు: ప్యాకెట్ మీది పట్టికను చదవండి

సర్ఫాక్టెంట్, బిల్డర్ తప్ప మిగిలినవన్నీ సహాయకులే. పొడిలో సోడియం సల్ఫేట్ కనిపిస్తే అది ముఖ్యంగా బరువు, ప్రవాహశీలత కోసం కలిపింది. శుభ్రపరచడంలో దాని పాత్ర స్వల్పం. అయానిక స్వభావం లేని, అంటే తలకు విద్యుదావేశం లేని సర్ఫాక్టెంట్లు ఉంటే మంచిది, అవి కఠిన జలాన్ని బాగా తట్టుకుంటాయి, తక్కువ నురుగుతోనే జిడ్డును తీస్తాయి. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అన్న పేరు కోసం ప్రత్యేకంగా వెతకండి. ఇది నూలుపోగుపై చేరి, దాని ఋణావేశాన్ని పెంచి, ఊడిన మురికి మళ్లీ అంటకుండా చూస్తుంది. ప్రకటనల్లో ఎన్నడూ కనిపించని ఈ పదార్థానికి తెల్లబట్టల తెల్లదనంలో గణనీయమైన వాటా ఉంది.

ఆప్టికల్ బ్రైటెనర్లు మాత్రం మురికిని ఏమాత్రం తీయవు. కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలి కాంతిగా వెదజల్లుతాయి, ఆ నీలిమ బట్టలోని పసుపు ఛాయను కప్పివేస్తుంది. లేత గోధుమ, మీగడ రంగుల బట్టలకు ఇవి లేని డిటర్జెంట్ వాడడమే సరైనది, లేకపోతే అసలు రంగు మారినట్టు కనిపిస్తుంది.

ఎంజైమ్‌ల సంగతి వేరు. ఒక్కో ఎంజైమ్ ఒక్కో రకం మరకనే విడగొడుతుంది: ప్రొటియేజ్ రక్తం, గుడ్డు, పాల వంటి మాంసకృత్తులను, అమైలేజ్ పిండిపదార్థాన్ని, లైపేజ్ కొవ్వును. సెల్యులేజ్ నూలు ఉపరితలంపై లేచిన సన్నని నూగును కోసి, అందులో ఇరుక్కున్న మురికిని విడిపిస్తుంది. 1913లోనే జర్మనీలో ఓటో రోమ్ అనే రసాయనవేత్త జంతువుల క్లోమగ్రంథి నుంచి తీసిన ఎంజైమ్‌లను ఉతకడానికి వాడారు. క్షారంలోనూ చెడని బాక్టీరియా ఎంజైమ్‌లు 1960లలో విస్తృతంగా వచ్చాకే ఆ ఆలోచన ఇంటింటికీ చేరింది.

ఐదో మెట్టు: మరక స్వభావాన్ని బట్టి ముందస్తు చికిత్స చేయండి

రక్తం, గుడ్డు, పాల మరకలను మొదట చల్లని నీటితోనే కడగండి. వేడి తగిలితే మాంసకృత్తు గడ్డకట్టి పోగును పట్టేస్తుంది, ఆపై ఎంజైమ్‌కు కూడా దాన్ని చేరడం కష్టమవుతుంది. చల్లని నీటితో కడిగాక ఎంజైమ్ డిటర్జెంట్ కలిపిన గోరువెచ్చని నీటిలో అరగంట నుంచి గంట వరకు నానబెట్టండి.

నూనె, గ్రీజు మరకలపై నీరు చల్లకముందే ద్రవ డిటర్జెంట్‌ను నేరుగా రాసి పది పదిహేను నిమిషాలు ఉంచండి. నూలు కన్నా పాలిస్టర్ నూనెను ఎక్కువగా ఇష్టపడుతుంది కనుక దానిపై పడ్డ నూనెను పాతబడనివ్వకూడదు.

టీ, కాఫీ, పండ్ల రసాల రంగులను సర్ఫాక్టెంట్ ఒంటరిగా తీయలేదు. ఆక్సీకరణతో వాటి రంగును చెరపాలి. ఇందుకు సోడియం పెర్‌కార్బొనేట్ అనుకూలం. దాని బరువులో సుమారు మూడో వంతు హైడ్రోజన్ పెరాక్సైడే. ఇది ఒంటరిగా 60 డిగ్రీల వద్ద చురుగ్గా పనిచేస్తుంది. డిటర్జెంట్‌లో బ్లీచ్‌ను తక్కువ వేడిలోనే చురుకుపరిచే పదార్థం (బ్లీచ్ యాక్టివేటర్) కలిసి ఉంటే 40 డిగ్రీల వద్దనే ఫలితం ఇస్తుంది. ద్రవ డిటర్జెంట్లలో పెరాక్సైడ్ నిలవ ఉండడం కష్టం కాబట్టి ఇటువంటి బ్లీచ్ ఎక్కువగా పొడుల్లోనే దొరుకుతుంది.

సోడియం హైపోక్లోరైట్ ఉన్న బ్లీచ్ ద్రవాన్ని వెనిగర్ వంటి ఆమ్లాలతో గాని, అమ్మోనియాతో గాని ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి. ఆమ్లంతో క్లోరిన్ వాయువు, అమ్మోనియాతో క్లోరమైన్ వాయువులు వెలువడతాయి; రెండూ ఊపిరితిత్తులకు ప్రమాదకరం. ఉన్ని, పట్టు బట్టలకు ఈ బ్లీచ్ అసలే తగదు. ఆ పోగులు స్వయంగా మాంసకృత్తులే కనుక ప్రొటియేజ్ ఉన్న డిటర్జెంట్, గాఢమైన క్షారం కూడా వాటిని దెబ్బతీస్తాయి. వాటికి తటస్థ స్వభావం గల ద్రవాన్నే వాడండి.

ఆరో మెట్టు: మోతాదు, వేడి, కదలిక, కాలం

జర్మన్ రసాయనవేత్త హెర్బర్ట్ సిన్నర్ 1959లో చెప్పిన సూత్రం ఇక్కడ ఎంతో ఉపయోగపడుతుంది. శుభ్రపరచడానికి రసాయనం, యాంత్రిక శక్తి, ఉష్ణోగ్రత, కాలం అనే నాలుగు వనరులు ఉన్నాయి. ఒకటి తగ్గిస్తే మిగిలినవాటిలో ఏదో ఒకదాన్ని పెంచి లోటు పూడ్చాలి. చల్లని నీటిలో ఉతకదలచుకుంటే ఎక్కువసేపు నానబెట్టాలి. సున్నితమైన బట్టను రుద్దలేరు కనుక డిటర్జెంట్‌నూ కాలాన్నీ నమ్ముకోవాలి. నాలుగింటిలో కాలం అన్నిటికన్నా చవకైనది, బట్టకు అతి తక్కువ హాని చేసేది. బ్రష్ పట్టి బాదేకన్నా అరగంట నానబెట్టడం మేలు. అయితే రాత్రంతా నానబెట్టడం వల్ల ప్రయోజనం పెరగదు. ఊడిన మురికి నిశ్చలమైన నీటిలో మళ్లీ బట్టపై కూర్చునే అవకాశమే పెరుగుతుంది.

పొడిని ముందు కొద్దిపాటి గోరువెచ్చని నీటిలో పూర్తిగా కరిగించి, ఆ తరువాతే బట్టలు వేయండి. శరీరపు జిడ్డు చల్లని నీటిలో గట్టిగా ఉండి, 40 డిగ్రీల దగ్గర మెత్తబడి సులభంగా ఊడుతుంది. చాలా డిటర్జెంట్ ఎంజైమ్‌లకు కూడా 30 నుంచి 60 డిగ్రీల మధ్య వేడి అనుకూలం. మోతాదును తయారీదారు సూచనతో మొదలుపెట్టి, నీటి కాఠిన్యాన్ని బట్టి సవరించండి. మృదువైన నీటికి సూచించినదాని కన్నా తక్కువే సరిపోతుంది. ముందువైపు తలుపు ఉండే యంత్రాల్లో అధిక నురుగు వల్ల బట్టలు ఒకదానిపై ఒకటి పడే వేగం తగ్గి, యాంత్రిక శక్తి వృథా అవుతుంది. డ్రమ్మును కుక్కి నింపినా జరిగేది అదే.

ఏడో మెట్టు: జాడించడం

ఒక కిలో బట్టను పిండాక అందులో ఒక లీటరు ఉతికిన నీరు మిగిలిందనుకుందాం. ఆ నీటిలో 4 గ్రాముల డిటర్జెంట్, దానితోపాటు ఊడిన మురికి కూడా ఉన్నాయి. జాడించడానికి మీ దగ్గర 18 లీటర్ల మంచినీరు ఉంది. మొత్తం ఒకేసారి పోసి జాడించి, మళ్లీ లీటరు మిగిలేలా పిండితే బట్టలో సుమారు 0.21 గ్రాములు మిగులుతాయి. అదే నీటిని 9 లీటర్ల చొప్పున రెండు విడతలుగా వాడితే మొదటి విడతలో 0.4 గ్రాములు, రెండో విడతలో 0.04 గ్రాములు మిగులుతాయి. నీరు అంతే, ఫలితం మాత్రం అయిదు రెట్లు మెరుగు. పోగుకు అంటిపెట్టుకున్న కొద్దిపాటి సర్ఫాక్టెంట్ ఈ లెక్కకు అందదు గాని, రెండు విడతలకూ మధ్య గట్టిగా పిండాలన్న సూత్రం మారదు.

మెత్తదనం ఇచ్చే ద్రవాన్ని చివరి జాడింపులో మాత్రమే కలపండి. అందులోని సర్ఫాక్టెంట్‌కు ధనావేశం ఉంటుంది. డిటర్జెంట్‌తో కలిస్తే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని నిర్వీర్యం అవుతాయి. తువాళ్లకు దాన్ని వాడకపోవడమే మంచిది, ఎందుకంటే పోగుపై నిలిచే ఆ పొర నీటిని పీల్చుకునే గుణాన్ని తగ్గిస్తుంది.

ఎనిమిదో మెట్టు: లోపాన్ని బట్టి కారణాన్ని వెతకండి

తెల్లబట్ట మొత్తంగా మాసినట్టు కనిపిస్తే, ఊడిన మురికి తిరిగి అంటిందని అర్థం: మోతాదు చాలకపోవడమో, నీటి కాఠిన్యమో, బట్టలు కుక్కడమో కారణం. ముదురు రంగు బట్టపై తెల్లని చారలు పడితే, కరగని పొడి గాని జియోలైట్ గాని మిగిలిందన్నమాట. ద్రవ డిటర్జెంట్‌కు మారి చూడండి. పొడి తువాలు గరుకుగా ఉంటే కాల్షియం నిల్వను అనుమానించాలి. విడిగా, బ్లీచ్ ఏదీ కలపకుండా, కొద్దిగా సిట్రిక్ ఆమ్లం కలిపిన నీటిలో కాసేపు ఉంచి బాగా జాడిస్తే ఆ నిల్వ కరిగిపోతుంది. ఆమ్లాన్ని డిటర్జెంట్ నీటిలోనే కలిపితే మాత్రం క్షారగుణం దెబ్బతిని ఉతుకు బలహీనపడుతుంది.

ఉతికిన బట్టకు వాసన మిగిలితే, మోతాదు పెంచకముందు ఒక పరీక్ష చేయండి. ఉతికి ఆరిన తువాలును శుభ్రమైన గోరువెచ్చని నీటిలో వేసి చేత్తో బాగా కలపండి. నీటిపై నురుగు లేస్తే పాత డిటర్జెంట్ బట్టలోనే ఉంది. అప్పుడు చేయవలసింది మోతాదు తగ్గించి, మరో విడత జాడించడం. నురుగు లేకుండా నీరు మసకబారితే మురికే మిగిలింది. అప్పుడు వేడినో నానబెట్టే కాలాన్నో పెంచాలి.